గుడి బోర్డు మీద పెయింట్ కొడితే ఫెలనీ, నా కారు పగలగొడితే మిస్‌డిమీనరా?

ప్రశ్న అడిగినాయన కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటారు. అడిగింది క్లుప్తంగా ఇది: ఊళ్లో గుడి బోర్డు మీద ఎవరో స్ప్రే పెయింట్ కొట్టారు. అదే వారం ఈయన కారు వెనక అద్దం పగలగొట్టి, తలుపుల మీద గీతలు గీశారు. గుడి కేసు ఫెలనీ (పెద్ద నేరం) అవుతుందంటున్నారు, కారు కేసు మాత్రం మిస్‌డిమీనర్‌గా (చిన్న నేరంగా) పెట్టారు. ఖర్చు చూస్తే కారుకే ఎక్కువ, ఎస్టిమేట్ 1,900 డాలర్లు వచ్చింది. "కొందరికో చట్టం, నాకో చట్టమా? ఈ ప్రొటెక్టెడ్ క్లాసులో అసలు మనం ఉన్నామా? లేకపోతే అది వేరే మైనారిటీల కోసమేనా?" అని ఆవేదనతో అడిగారు. ప్రొటెక్టెడ్ క్లాసు అంటే ద్వేష నేరాల చట్టాల రక్షణ ఉన్న జాబితా.

నేను కాలిఫోర్నియాలో క్రిమినల్ కేసులు చూసే లాయరుని. మొదట కొన్నేళ్లు డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో, అంటే ప్రభుత్వం తరఫున, చేశాను, తర్వాత డిఫెన్స్ వైపు వచ్చాను. రెండు వైపుల నుంచీ ఇలాంటి కేసులు చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా సమాధానం. మీ కారు కేసును కూడా ఫెలనీగా పెట్టే వీలు చట్టంలో ఉంది. కాలిఫోర్నియా పీనల్ కోడ్ 594 ప్రకారం నష్టం 400 డాలర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది మేం 'వాబ్లర్' అనే రకం కేసు. ఫెలనీగానూ పెట్టొచ్చు, మిస్‌డిమీనర్‌గానూ పెట్టొచ్చు. ఎటు పెట్టాలన్నది ప్రాసిక్యూటర్ ఇష్టం, ఆ తర్వాత జడ్జి కూడా తగ్గించొచ్చు. నిందితుడికి పాత కేసులు లేకపోతే మొదటిసారి మిస్‌డిమీనర్‌తో సరిపెట్టడం మామూలే. మీ విషయంలో జరిగింది బహుశా అదే. మీ మతమో జాతో చూసి తగ్గించిందేమీ కాదు. ఇక రెండో ప్రశ్న: అవును, ప్రొటెక్టెడ్ క్లాసులో మీరున్నారు. మీ పక్కింటి తెల్లాయన కూడా ఉన్నాడు. అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాను.

మనవాళ్లు ఈ మాట వినగానే మనసులో ఊహించుకునేది ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టాన్ని. కారంచేడు లాంటి ఘోరాల తర్వాత 1989లో వచ్చిన ఆ చట్టంలో బాధితుడు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయ్యుండాలి, నేరం చేసినవాడు ఆ వర్గాలకు చెందనివాడై ఉండాలి. శతాబ్దాలుగా ఒకే వైపు నుంచి సాగిన దౌర్జన్యానికి విరుగుడుగా రాసిన చట్టం, అలాగే ఉండాలి కూడా. అమెరికా ద్వేష నేరాల చట్టాలు అలా రాయలేదు. ఇక్కడి జాబితాలో ఉండేవి మనుషుల గుంపులు కావు, లక్షణాలు. కాలిఫోర్నియాలో (సెక్షన్ 422.55) వైకల్యం, జెండర్, జాతీయత, జాతి, మతం, లైంగిక ధోరణి, ఇంకా ఈ లక్షణాలున్న వాళ్లతో సంబంధం కలిగి ఉండటం. మతం అంటే హిందువూ వస్తాడు, ముస్లిమూ వస్తాడు, క్రైస్తవుడూ వస్తాడు, ఏ మతమూ లేనివాడూ వస్తాడు. జాతి అంటే నల్లవాళ్లు ఒక్కరే కాదు.

దీనికి అమెరికా సుప్రీంకోర్టు కేసే సాక్ష్యం. 1989లో విస్కాన్సిన్‌లోని కెనోషా ఊళ్లో కొందరు నల్లజాతి కుర్రాళ్లు ఒక తెల్ల కుర్రాణ్ణి తెల్లవాడని చూసి ఎంచుకుని కొట్టారు. మామూలుగా ఆ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. జాతిని బట్టి బాధితుణ్ణి ఎంచుకున్నారన్న కారణంతో మిచెల్ అనే నిందితుడికి నాలుగేళ్లు వేశారు. 1993లో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఆ పెంపు చెల్లుతుందన్నారు. దేశంలో ఈ చట్టాలన్నిటికీ పునాది అయిన తీర్పులో బాధితుడు తెల్లవాడు. "మైనారిటీలకే స్పెషల్ చట్టం" అని వాదించేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ కేసే.

సరే, మరి గుడి కేసు ఎందుకు వేరు? ఆస్తి ధ్వంసం ఫెలనీ అవడానికి మూడు దారులున్నాయి, ఒకదానితో ఒకటి కలపకూడదు. మొదటిది డబ్బు: నష్టం ఎంత. రెండోది చోటు: ఎక్కడ చేశారు. మూడోది ఉద్దేశం: ఎందుకు చేశారు.

గుడి బోర్డు కేసు రెండో దారిలో వస్తోంది. సెక్షన్ 594.3 ప్రకారం చర్చి, సినగాగ్, మసీదు, గుడి, శ్మశానం లాంటి చోట తెలిసి ధ్వంసం చేస్తే నష్టం పది డాలర్లయినా సరే వాబ్లర్ అవుతుంది. ద్వేషం నిరూపించనక్కర్లేదు. అదే సెక్షన్‌లో రెండో భాగం వేరు: అది ద్వేష నేరమని, జనాన్ని భయపెట్టి పూజలకు రాకుండా చేయడానికి చేశారని రుజువైతే ఇక వాబ్లర్ కాదు, నేరుగా ఫెలనీ. మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య చాలా దూరం ఉంది. వార్తల్లో రెండూ ఒకటే అన్నట్టు రాస్తారు.

మామూలు ఆస్తి విషయంలో కూడా ఉద్దేశం తేడా తెస్తుంది. ఎవరింటి మీదైనా మతమో జాతో చూసి, బెదిరించడానికి నష్టం చేస్తే సెక్షన్ 422.6 కింద అది విడిగా ఒక నేరం, ఏడాది వరకు జైలు. మిస్‌డిమీనర్ స్థాయి ద్వేష నేరంలో ఆస్తి నష్టం 950 డాలర్లు దాటితే 422.7 కింద అదీ ఫెలనీ కావచ్చు. అసలు నేరమే ఫెలనీ అయితే 422.75 కింద ఇంకో ఒకటి నుంచి మూడేళ్లు కలుపుతారు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. జనం ప్రొటెక్టెడ్ క్లాసు మీద కొట్టుకుంటున్నారు గానీ, ఈ చట్టాల్లో నిజంగా ప్రశ్నించాల్సింది డాలర్ గీతను. కాలిఫోర్నియాలో ఫెలనీ గీత ఒకప్పుడు 5,000 డాలర్లు. 2000లో ప్రొపొజిషన్ 21 (ఓటర్లు నేరుగా ఆమోదించిన చట్టం) దాన్ని ఒక్కసారిగా 400కి దించింది. 2014లో ప్రొపొజిషన్ 47 చాలా దొంగతనాలకు గీతను 950 దగ్గర పెట్టింది, ధ్వంసం గీతను మాత్రం ముట్టుకోలేదు. దాంతో మొదటిసారి షాపులో 900 డాలర్ల సరుకు ఎత్తుకుపోయినవాడిది మిస్‌డిమీనర్, కోపంలో పార్కింగ్‌లో కారు మీద తాళంచెవితో గీత గీసినవాడిది ఫెలనీ అయ్యే పరిస్థితి. ఇవాళ బాడీ షాపుకి వెళ్తే 400కి ఒక బంపర్ రంగు కూడా వేయరు.

అదే గీత న్యూయార్క్‌లో 250 డాలర్లు. వాషింగ్టన్ రాష్ట్రంలో 750. టెక్సాస్‌లో మామూలు ఆస్తికి 2,500. ఒకే దెబ్బ, ఒకే రాయి, ఒకే కోపం. ఊరు మారితే కుర్రాడి బతుకు మారిపోతుంది. ఇంకో బాధ ఏంటంటే, డబ్బు గీత ఖరీదైన వస్తువున్న వాణ్ణే ఎక్కువ కాపాడుతుంది. కొత్త టెస్లా తలుపు మీద సొట్ట పడితే సులువుగా వేలల్లో బిల్లు. డోర్‌డాష్‌లో ఫుడ్ డెలివరీ చేసుకునే విద్యార్థి పాత కరోలా అద్దం పగిలితే మూడు వందలు, కానీ వాడికి అది వారం రోజుల సంపాదన. చట్టం దృష్టిలో మొదటిది పెద్ద నేరం, రెండోది చిన్నది.

ప్రొటెక్టెడ్ క్లాసు నిబంధనలు సరిగ్గా ఈ లోటునే కొంత పూడుస్తాయి. బిల్లులో కనపడని నష్టం ఒకటుంటుంది. నేను చూసిన ఒక కేసు చెప్తాను, వివరాలు మార్చి. ఒక తెలుగు కుటుంబం, కొత్త ఇల్లు, మర్నాడు గృహప్రవేశం. తెల్లారేసరికి గరాజ్ తలుపు మీద ఎర్ర పెయింట్‌తో "వెనక్కి పొండి" అని రాసి ఉంది. చుట్టాలు వచ్చేస్తారన్న టెన్షన్‌లో ఇంటాయన హోమ్ డిపోకి పరుగెత్తి డబ్బా తెచ్చి మధ్యాహ్నానికల్లా తెల్ల రంగు వేసేశాడు. ఖర్చు వంద డాలర్లు కూడా కాలేదు. డబ్బు దారిలో చూస్తే ఇది చిన్న మిస్‌డిమీనర్. పోలీసులు వచ్చేసరికి చూడటానికి తలుపు మీద ఏమీ లేదు.

ఆ కేసును నిలబెట్టింది వాళ్లమ్మాయి ఫోన్‌లో తీసిన ఒకే ఒక్క ఫొటో. అందులో పెయింట్ ఇంకా తడిగా ఉంది, కిందికి కారి వాకిట్లో వేసిన ముగ్గులో కలిసింది. పైన గుమ్మానికి మామిడాకుల తోరణం కనపడుతోంది. రెండు వైపులా పక్కిళ్ల గరాజ్ తలుపులు అదే రంగు, అదే సైజు, వాటి మీద చుక్క పెయింట్ లేదు. వరసలో అన్ని ఇళ్లూ ఒకేలా ఉంటే వీళ్లదే ఎందుకు? తోరణం చూసి, ముగ్గు చూసి ఎంచుకున్నారు. ఉద్దేశానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది. ఆ తర్వాత చాలా నెలలు ఆ ఇంట్లో పిల్లలు వాకిట్లో ఆడుకోలేదు. ఆ నష్టానికి ఏ బాడీ షాపు ఎస్టిమేట్ ఇస్తుంది? 422.6 లాంటి సెక్షన్ ఉండాల్సింది ఇందుకే.

"అంటే మనసులో ఉన్నదానికి శిక్షా? ఇది ఆలోచనను శిక్షించడం కదా?" అని చదువుకున్నవాళ్లే అడుగుతారు. మంచి ప్రశ్నే. దీని మీద సుప్రీంకోర్టు గీసిన గీత నాకు సబబుగానే అనిపిస్తుంది. 1992లో సెయింట్ పాల్ నగరం కేసు వచ్చింది. ఒక నల్లజాతి కుటుంబం ఇంటి ఆవరణలో కుర్రాళ్లు శిలువ తగలబెట్టారు (నల్లవాళ్లను బెదిరించే పాత పద్ధతి అది). ఆ నగరం వాళ్లను ఆస్తి నష్టం కింద, ఇల్లు తగలబెట్టే నేరం కింద, బెదిరింపు కింద పట్టుకోవచ్చు. అలా కాకుండా, జాతి మతాల విషయంలో కోపం రేపే గుర్తులు పెట్టడమే నేరం అనే ఆర్డినెన్స్ (నగరం చేసుకున్న చట్టం) వాడింది. కోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది, ఎందుకంటే అది కొన్ని భావాలను ఎంచి శిక్షిస్తోంది. ఏడాది తిరగ్గానే పైన చెప్పిన మిచెల్ కేసులో మాత్రం, నేరం చేసేటప్పుడు బాధితుణ్ణి ఎలా ఎంచుకున్నాడన్నది చూసి శిక్ష పెంచొచ్చంది. 2003లో వర్జీనియా కేసులో, బెదిరించాలన్న ఉద్దేశంతో శిలువ తగలబెట్టడాన్ని నిషేధించొచ్చంది. అంటే మీరు ఎవరినైనా ద్వేషించొచ్చు, ఆ మాట బయటకు అనొచ్చు కూడా. ఆ ద్వేషంతో సుత్తి పట్టుకుని పక్కవాడి తలుపు దగ్గరికి వెళ్తేనే చట్టం వస్తుంది.

ఇంకో ముఖ్యమైన రక్షణ నిందితుడి వైపు ఉంది. న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అనే ఊళ్లో ఒకాయన తన పేటలోకి వచ్చిన నల్లజాతి కుటుంబం ఇంట్లోకి తుపాకీ కాల్చాడు. ద్వేషం కారణంగా అని జడ్జి తనంతట తాను తేల్చి శిక్ష పెంచాడు. 2000లో అప్రెండి తీర్పులో సుప్రీంకోర్టు అలా కుదరదంది. పాత శిక్షల సంగతి తప్ప, గరిష్ఠ శిక్షను దాటించే ఏ విషయమైనా జ్యూరీ ముందు, సందేహానికి తావు లేకుండా రుజువు కావాల్సిందే. డిఫెన్స్ లాయరుగా నేను రోజూ ఈ తీర్పు నీడలోనే పనిచేస్తాను.

అందుకే ఉద్దేశం నిరూపించడం కష్టం, కష్టంగానే ఉండాలి. కాలిఫోర్నియాలో ద్వేషం ఒక్కటే కారణం కానక్కర్లేదు, కానీ గట్టి కారణాల్లో ఒకటై ఉండాలి. మేం చూసిన మరో కేసులో గుడి వెనక గోడ మీద పెద్దగా పెయింట్. కమిటీవాళ్లు హడలిపోయారు, ప్రాసిక్యూటర్ ద్వేష నేరమన్నాడు. తీరా చూస్తే అదే రాత్రి అదే సంతకం పక్క లాండ్రీ గోడ మీద, డెంటిస్ట్ బోర్డు మీద కూడా ఉంది. ఆ కుర్రాడికి అది గుడి అని తెలుసు, గుడి అని మాత్రం ఎంచుకోలేదు. చివరికి ద్వేషం భాగం పోయింది, గుడి దగ్గర ధ్వంసం చేసిన భాగం నిలిచింది. అది సరైన ఫలితమే.

కష్టమైనవి మధ్యలో ఉండే కేసులు. 2023 డిసెంబరులో ఫ్రీమాంట్ పక్కనున్న నెవార్క్‌లో స్వామినారాయణ్ గుడి గోడల మీద ఖలిస్తాన్ నినాదాలు, భారత ప్రధానికి వ్యతిరేకంగా రాతలు రాశారు. రాజకీయ అభిప్రాయం కాలిఫోర్నియా జాబితాలో లేదు (వాషింగ్టన్ డీసీ జాబితాలో ఉంది). మరి రాసింది రాజకీయమైతే? నా లెక్క ప్రకారం 594.3 మొదటి భాగానికి ఇబ్బందే లేదు, చోటు చాలు. రెండో భాగం కావాలంటే "భారత కాన్సులేట్‌ను వదిలి గుడినే ఎందుకు ఎంచుకున్నారు" అన్నదానికి జ్యూరీ ఒప్పుకునే జవాబు చూపాలి. దానికి భిన్నంగా 2019 జనవరిలో కెంటకీలో లూయీవిల్ స్వామినారాయణ్ గుడి కేసు తీసుకోండి. మూర్తి పటం మీద నల్ల పెయింట్, గోడల మీద వేరే మతం దేవుడే ప్రభువు అన్న అర్థంలో రాతలు. అక్కడ ఉద్దేశం గోడ మీదే ఉంది.

మనవాళ్లు ఎక్కువగా ఉండే మిగతా రాష్ట్రాల గురించి రెండు ముక్కలు. వాషింగ్టన్‌లో బాధితుడి జాతీయ మూలమో మతమో చూసి ఆస్తికి నష్టం చేస్తే డాలర్ గీతతో పని లేకుండా క్లాస్ సీ ఫెలనీ. 2015లో శివరాత్రి ముందు బోథెల్ గుడి గోడ మీద స్వస్తిక, "గెట్ అవుట్" రాతలు వెలిసినప్పుడు అందరూ ఈ చట్టం గురించే మాట్లాడారు. టెక్సాస్‌లో గుడి, చర్చి లాంటి చోట నష్టం 750 డాలర్లు చేరితే స్టేట్ జైలు ఫెలనీ. పక్షపాతం రుజువైతే సాధారణంగా నేరం ఒక మెట్టు పైకి వెళ్తుంది. అక్కడి జాబితాలో పోలీసులు, జడ్జీలు కూడా ఉన్నారు. లూసియానా 2016లో పోలీసుల్ని, ఫైర్ సిబ్బందిని చేర్చింది. నాకది నచ్చదు. యూనిఫాం విప్పి ఇంటికి వెళ్లొచ్చు, ఒంటి రంగును అలా విప్పలేం. వాళ్లను కాపాడటానికి వేరే చట్టాలు బోలెడున్నాయి.

ఫెడరల్ ప్రభుత్వం సంగతి: ప్రార్థనా స్థలాల ధ్వంసానికి 1996లో వచ్చిన చర్చ్ ఆర్సన్ ప్రివెన్షన్ చట్టం ఉంది. 2009 నాటి ద్వేష నేరాల చట్టం మనుషుల ఒంటి మీద దెబ్బకే వర్తిస్తుంది, ఆస్తికి కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథ్‌లో తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపినవాడికి ఫెడరల్ కోర్టు ద్వేష నేరం కింద జీవిత ఖైదు వేసింది. "మనం ఈ లెక్కలోకి వస్తామా" అన్న మీ అనుమానానికి అంతకంటే స్పష్టమైన జవాబు లేదు, అంత బాధాకరమైన జవాబూ లేదు.

కులం గురించి కూడా తరచూ అడుగుతారు. సియాటెల్ 2023లో కుల వివక్షను నిషేధించింది, కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. అవి ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో వివక్షకు సంబంధించినవి. ద్వేష నేరాల జాబితాలో ఇక్కడ కులం అని విడిగా రాసి లేదు. ఉండాలన్నది నా అభిప్రాయం. మన కుల గొడవలు విమానం దిగగానే మాయమవవు.

మీ ఇంట్లో కుర్రాళ్లు గానీ, తెలిసిన స్టూడెంట్లు గానీ అవతలి వైపు, అంటే నిందితుల వైపు ఉంటే ఒక మాట. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లవాడు పార్టీ తర్వాత ఎవడి కారు మీదో గీత గీసి, "చిన్న కేసేగా, ఒప్పేసుకుని ఫైన్ కట్టేద్దాం" అంటే ఒప్పుకోవద్దని చెప్పండి, ముందు ఇమిగ్రేషన్ తెలిసిన లాయరుతో మాట్లాడించండి. 2010 పడిల్లా తీర్పు ప్రకారం కేసు ఇమిగ్రేషన్ మీద చూపే ప్రభావాన్ని డిఫెన్స్ లాయరు ముందుగా చెప్పి తీరాలి. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సంతకం పెట్టాకే వస్తారు. కాలిఫోర్నియాలో తర్వాత రికార్డు కొట్టేయించుకున్నా, ఇమిగ్రేషన్ వాళ్ల లెక్కలో అది సాధారణంగా అలాగే ఉంటుంది. పైగా ద్వేషం అన్న ముద్ర కూడా పడితే ప్రాసిక్యూటర్‌తో బేరానికి చోటే ఉండదు.

ఇక మీ కారు, మీ గుడి. గుడి కమిటీకి చెప్పండి: కడగకముందే ఫొటోలు తీయాలి, దూరం నుంచి ఒకటి, దగ్గరగా ఒకటి, పక్కన కొలబద్ద పెట్టి ఒకటి, చుట్టుపక్కల దెబ్బ తినని గోడలవి కూడా. కెమెరా రికార్డింగ్ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది, ఆ రోజే వేరే డ్రైవ్‌లోకి దించుకోవాలి. మీ వీధిలో ఆ వారం ఇంకెవరి కార్లయినా పగిలాయేమో కనుక్కోండి. పగిలితే అది వీధి మీద పడ్డ ఆకతాయి పని. మీది ఒక్కటే పగిలి, దాని మీద వినాయకుడి స్టిక్కరో నంబర్ ప్లేటు మీద తెలుగు పేరో ఉంటే ఆ సంగతి డిటెక్టివ్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పుడు 422.6 మాట వస్తుంది.

డబ్బు విషయంలో మాత్రం ఫెలనీయా మిస్‌డిమీనరా అన్నదానితో మీకు తేడా రాదు. 2008లో ఓటర్లు ఆమోదించిన మార్సీస్ లా (బాధితుల హక్కుల చట్టం) ప్రకారం, దోషిగా తేలితే మీ నష్టం పూర్తిగా కట్టించమని అడిగే హక్కు మీకుంది. నేరం చేసినవాడు మైనర్ అయితే తల్లిదండ్రుల మీద కూడా కొంత బాధ్యత పడుతుంది. 1,900 ఎస్టిమేట్, అద్దె కారు తీసుకుని ఉంటే దాని రసీదు, ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ కాగితం ఇవన్నీ కలిపి డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో బాధితులకు సాయం చేసే విక్టిమ్ విట్‌నెస్ విభాగానికి శిక్ష ఖరారు తేదీకి ముందే ఇవ్వండి. ఆ తేదీ ఎప్పుడో వాళ్లంతట వాళ్లు చెప్తారని ఆగకండి, కేసు నంబరు పట్టుకుని ఫోన్ చేసి అడగండి.